కాస్త పక్కకి జరగండి, అన్నయ్యా

మా బావ కెమెరా ఎత్తితే కారు ఊపిరి బిగపట్టేది. నేను అబద్ధాలు చెప్పను. చెప్పినా ఇంత చిన్నవి చెప్పను. ఒకసారి ఆయన ఫొటో తీస్తుంటే అటుగా పోతున్న లారీ కూడా ఆగి ఒళ్ళు దులుపుకుందని టీ బడ్డీ దగ్గర చెబితే, నలుగురిలో ముగ్గురు నమ్మారు. నాలుగోవాడు ఆ లారీ డ్రైవరు.

బావ అంటే మా అక్క మొగుడు. డ్రైవింగ్ స్కూల్లో కార్లు నేర్పడం ఆయన బతుకుతెరువు. కార్లని ఫొటోలు తీయడం ఆయన పిచ్చి. పొద్దస్తమానం వణికే కాళ్ళ పక్కన కూర్చుని, తన వైపున్న బ్రేకు మీద కాలు తియ్యకుండా, "భయపడకండి, గోడ ఎక్కడికీ పోదు, మనమే దాని దగ్గరికి పోతున్నాం" అని మెల్లగా చెప్పే మనిషి. అదే మనిషి సాయంత్రం ఇంటికొచ్చి, ఎవరో వాడి వదిలేసిన కెమెరా మెడలో వేసుకున్నాడంటే నడకే మారిపోయేది. వీధిలో ఆగిన ప్రతి కారు చుట్టూ పిల్లిలా తిరిగేవాడు. నేర్పినవాళ్ళు లేరు. చెడగొట్టి చెడగొట్టి నేర్చుకున్నాడు. చదువుకి మధ్యలోనే దండం పెట్టి బయటపడ్డవాణ్ణి కనుక ఇలాంటివాళ్ళంటే నాకు మహా గౌరవం. ఆ గౌరవంతోనే రోజూ ఏడిపించేవాణ్ణి.

"బావా, ఈ కారు ముక్కేంటి అలా ఉబ్బింది? జలుబు చేసిందా?"

"దగ్గరికెళ్ళి తీశాన్రా. దూరం నుంచి తియ్యాలి."

"డాక్టరు కూడా దూరం నుంచే చూశాట్ట."

"నువ్వు నోరు మూస్తే ఫొటో ఇంకా బాగా వస్తుంది."

మా మాటలకి అక్క లోపల్నుంచి నవ్వేది. ఆ ఇంట్లో ఆయన ఫొటోల్లో ఏం తక్కువైందో అందరికంటే ముందు కనిపెట్టేది అక్కే. కానీ అడిగితేనే చెప్పేది. బావ అడిగేవాడు కాదు.

ఇక సైలెన్సర్. ఒక పెద్ద డాక్టరమ్మ దగ్గర కారు డ్రైవరు. బావకి అంత దగ్గరివాడేం కాదు, పెట్రోలు బంకులో కనిపిస్తే తల ఊపుకునేంత పరిచయం. నోట్లో నాలుక లేని మనిషి కాబట్టి డ్రైవర్లంతా కలిసి ఆ పేరు పెట్టారు. ఆయన హారన్ కూడా మొహమాటపడుతూ కొట్టేవాడు. జుట్టు నెరిసేదాకా ఒకే అమ్మగారి దగ్గర, ఒకే నల్ల కారు తోలాడు. ఇప్పుడు డాక్టరమ్మ ప్రాక్టీసు మానేసింది, కారు అమ్మేస్తోంది. ఆయన పనీ దాంతోనే అయిపోతోంది.

ఒకరోజు ఆయన మా వాకిట్లోకి వచ్చి చెప్పులు విప్పి నిలబడ్డాడు.

"మాస్టారూ, బండి వెళ్ళిపోతోంది. ఒక మంచి ఫొటో తియ్యాలి."

"దానికేం అన్నయ్యా, తీద్దాం. ఎలాంటిది కావాలి?"

"మంచిదే."

"అంటే ముందు నుంచా, పక్క నుంచా?"

ఆయన ఇబ్బందిగా నవ్వాడు. "మీకు తెలీనిదా మాస్టారూ."

ఆ మాటతో బావ ఛాతీ పొంగిపోయింది. అక్కడే కొంప మునిగింది. సైలెన్సర్‌కి కావాల్సింది ఆ కారు పక్కన తను నిలబడ్డ ఫొటో. ఒక్కటి. ఇన్నేళ్ళలో అలాంటిది ఒక్కటీ లేదు. ఆ సంగతి మాకు ఆలస్యంగా తెలిసింది. మీకు మాత్రం ముందే చెప్పేస్తున్నా, మాలాగా వెర్రిమొహాలు వేసుకుని చూడకుండా.

మొదటిసారి డాక్టరమ్మ ఇంటి ముందే తీశాం. మిట్టమధ్యాహ్నం. సైలెన్సర్ కారుని తలంటి పోసినట్టు కడిగి, తనూ తెల్లచొక్కా ఇస్త్రీ చేసుకుని, తల దువ్వుకుని తలుపు పక్కన నిలబడ్డాడు. బావ కెమెరాలోంచి చూసి, "కాస్త పక్కకి జరగండి, అన్నయ్యా" అన్నాడు. ఆయన జరిగాడు. "ఇంకొంచెం." ఇంకొంచెం జరిగాడు. అలా జరిగి జరిగి గేటు బయటికి వెళ్ళిపోయాడు.

ఫొటో చూపిస్తే చాలాసేపు చూశాడు. "బాగుంది మాస్టారూ. బండి బాగుంది." కెమెరా తిరిగిచ్చేస్తూ, "వీలైతే ఇంకోసారి తీద్దామా?" అన్నాడు.

బావకి అది గుచ్చుకుంది. ఇంటికొచ్చి ఫొటోని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. ఎండకి బానెట్ మీద తెల్లటి మంట. తలుపు మీద ఎదురింటివాళ్ళ బట్టలు ఆరేసిన తీగ అద్దంలోలాగా కనిపిస్తోంది. నల్ల కారంటే నిలువుటద్దమే కదా, ఎదురుగా ఏముంటే అది పడుతుంది.

"ఇదిగో, ఇదే ఆయనకి నచ్చనిది," అన్నాడు బావ. "లుంగీతో సహా పడింది చూడు."

"లుంగీ బాగానే ఉంది బావా. కారే దానికి మ్యాచింగ్ కాలేదు."

రెండోసారి పొద్దు వాలేవేళ ఖాళీ మైదానంలో. బావ ఈసారి నేల మీద బోర్లా పడుకుని, హెడ్‌లైట్ల ఎత్తుకి కెమెరా దించి, ముందు చక్రం కొంచెం ఒక పక్కకి తిప్పించాడు. కారు నిజంగానే దొరసానిలా వచ్చింది. సైలెన్సర్ మళ్ళీ అదే తెల్లచొక్కా. బావ మళ్ళీ అదే మాట. "తెల్లచొక్కా తలుపు మీద పడుతోంది, పక్కకి జరగండి, అన్నయ్యా." ఆయన చొక్కా చూసుకున్నాడు, మమ్మల్ని చూశాడు, పక్కకి జరిగాడు. ఫొటో చూసి మళ్ళీ, "బండి బాగుంది," అన్నాడు.

"బండి బాగుందంటాడు, మొహం మాత్రం వెలగదు! ఇంకేం కావాలిరా ఈయనకి?" అని బావ దారంతా గొణిగాడు.

అడగొచ్చు కదా అంటారేమో. అడిగితే తనకి తెలీదని ఒప్పుకున్నట్టు. మా బావ లెర్నర్లకి వెయ్యి ప్రశ్నలు వేస్తాడు, తనకి తెలీని సంగతి మాత్రం ఎవర్నీ ఒక్కటి అడగడు.

మూడోసారికి బావ అక్క నల్ల దుప్పటి పట్టుకొచ్చాడు. నేను ఒక కొస, సైలెన్సర్ ఒక కొస పట్టుకుని కారు ఎదురుగా నిలబడాలి. దుప్పటి నలుపు తలుపు మీద పడితే ఇంకేదీ కనపడదట. తన ఫొటో కోసం వచ్చిన మనిషి చేత తనని దాచే దుప్పటి పట్టించాం. పాపం, ఎంత శ్రద్ధగా పట్టుకున్నాడో! చేతులు లాగుతున్నా కదల్లేదు. చివర్లో గాలికి దుప్పటి ఎగిరి ఆయన రూపం నిలువునా అద్దంలోలాగా తలుపు మీద పడింది. బావ అప్పటికే బటన్ నొక్కేశాడు.

ఆ ఫొటోయే అన్నిటికంటే బాగా వచ్చింది. బావ కంప్యూటరు ముందు కూర్చుని తలుపు మీది తెల్లచొక్కాని కొంచెం కొంచెంగా తుడిచేశాడు. చొక్కా పోయింది, చెయ్యి పోయింది, నెరిసిన జుట్టు పోయింది. కెమెరా కార్డులో చోటు లేదని అసలు ఫొటోలన్నీ చెరిపేశాడు కూడా.

ఆ వారమే కారు అమ్ముడుపోయింది. బావ ఫొటోని పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి, సైలెన్సర్‌ని ఇంటికి పిలిచాడు. అక్క టీ ఇచ్చింది. ఆయన కప్పు పక్కన పెట్టి ఫ్రేముని ఒళ్ళో పెట్టుకున్నాడు. ముందు తలుపు మీద వేలు పెట్టాడు.

"దుప్పటి ఎగిరినప్పుడు నేను దీనికెదురుగానే కదా నిలబడ్డాను, మాస్టారూ?"

"ఉన్నారన్నయ్యా, నిలువునా ఉన్నారు!" బావ కుర్చీలోంచి లేచాడు. "చొక్కాతో సహా పడ్డారు. ఎంత కష్టపడి తుడిచేశాననుకున్నారు! చూడండి, మనిషి ఉన్నాడన్న ఆనవాలు కూడా లేదు."

సైలెన్సర్ గాజు మీదికి వంగి చూశాడు. నిజంగానే లేదు.

"అవును," అన్నాడు. "చాలా బాగా తుడిచారు."

టీ తాగలేదు. ఫ్రేముని చంకలో పెట్టుకుని, దండం పెట్టి వెళ్ళిపోయాడు.

బావ నవ్వు మొహంతోనే అక్క వైపు తిరిగాడు. అక్క నవ్వడం లేదు.

"మూడుసార్లూ అదే చొక్కా ఎందుకేసుకొచ్చాడండీ ఆయన?"

"వేరేవి లేవేమో."

"మొన్న కూరగాయల దగ్గర నీలం చొక్కాలో కనిపించాడు. మీకు ఫొటో అంటే కారే. ఆయనకి..." అని ఆపేసింది. ఆపాల్సిన చోట ఆపడం మా అక్కకి బాగా తెలుసు.

బావ మొహంలో రంగు మారడం నేను కళ్ళారా చూశాను. మెడ దగ్గర మొదలై చెవుల దాకా ఎక్కింది. "నాకు చెప్పలేదే!" అన్నాడు. "నేను పక్కకి జరగమంటే ఆయన..." అని మళ్ళీ మొదలుపెట్టి, ముగించలేక, కంప్యూటరు ముందుకెళ్ళి చెరిపేసిన ఫొటోల కోసం వెతకడం మొదలుపెట్టాడు. లేనిదాన్ని వెతికే మనిషిని చూస్తే ఎంత వాగుడుకాయకైనా మాట పడిపోతుంది.

మర్నాడు పొద్దున్నే బావ కారు ఎవరు కొన్నారో కనుక్కున్నాడు. బట్టల షాపు నడిపే ఆవిడ. సైలెన్సర్ ఇంటికెళ్ళి, ఏం చెప్పాలో తెలీక, "అన్నయ్యా, ఆ తెల్లచొక్కా వేసుకుని ఒకసారి రండి," అన్నాడు. ఆయన వద్దనలేదు. వద్దనడం ఆయనకి రాదు. జీవితమంతా బండ్లు తోలిన ఇద్దరూ, ఏ బండీ తోలని నేనూ బస్సెక్కాం.

ఆ ఇంటి ముందు సైలెన్సర్ రోడ్డుకి అవతలే ఆగిపోయాడు. బావా నేనూ గేటు తీశాం. కారు వసారాలో ఉంది. వెనకద్దానికి బొమ్మలు వేలాడుతున్నాయి, సీట్లకి ఎర్ర కవర్లు పడ్డాయి.

"ఫొటోనా? ఎందుకు?" అంది ఆవిడ. "బండి మీద కేసేమైనా ఉందా?"

"అబ్బే, లేదండీ."

"యాక్సిడెంటా? ఎవరైనా పోయారా ఇందులో?"

"ఎవరూ పోలేదండీ. ఒకాయన్ని నేనే..." బావ మాట మార్చుకున్నాడు. "దీన్ని ఇన్నేళ్ళూ తోలినాయన ఫొటో ఒకటి తియ్యాల్సింది. నేను తియ్యలేదు. తప్పు నాదేనండీ."

ఆవిడ మా ఇద్దర్నీ ఎగాదిగా చూసింది. తర్వాత మెత్తబడింది. "దానికింత నాన్చుడు ఎందుకు? రమ్మనండి."

బావ ఒక్క పరుగున రోడ్డు దాటాడు. నేనూ వెనకే వెళ్ళాను.

"ఒప్పుకున్నారన్నయ్యా, రండి!"

సైలెన్సర్ కదల్లేదు. "వద్దులెండి మాస్టారూ. ఇప్పుడది వాళ్ళ బండి. పరాయివాళ్ళ బండి పక్కన నిలబడితే ఫొటోలో దొంగలా ఉంటాను."

"ఒక్కటే. నా కోసం."

"మీ కోసమేనని తెలుస్తోంది." ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే మాకు తేలికగా ఉండేది. "డాక్టరమ్మగారింట్లో ఎప్పుడూ ఫొటోలు నేనే తీసేవాణ్ణి. బండి ముందు అందరూ నిలబడేవారు, ఫోను నా చేతికిచ్చేవారు. ఒక్కసారి నేను నిలబడాలనుకున్నా. అడగాలంటే సిగ్గేసింది. మీరు జరగమన్నాక... ఇంకా సిగ్గేసింది."

ఆయన అంత పొడుగ్గా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. బావ కెమెరా తాడు వేళ్ళకి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడ్డాడు. క్షమించమని అడగడానికి నోరు తెరిచాడు.

"ఏమైందండీ? రారా ఆయన?" గేటు దగ్గర్నుంచి ఆవిడ కేకేసింది.

"రారండీ," అన్నాడు బావ.

"మరి ఇంత హడావిడి దేనికి?"

ఆవిడ కాసేపు చూసి గేటు వేసుకుంది.

తిరుగు బస్సు ఖాళీగానే వచ్చింది. సైలెన్సర్ ముందెక్కి, కిటికీ పక్కన కూర్చుని, పక్క సీటు చేత్తో తుడిచి బావని పిలిచాడు. బావ మెట్టు మీద పెట్టిన కాలు వెనక్కి తీసుకున్నాడు.

"మీరు వెళ్ళండన్నయ్యా. నాకు ఇటు చిన్న పనుంది."

పనీ లేదు, పాడూ లేదు. బస్సు కనుమరుగయ్యేదాకా తల దించుకునే ఉన్నాడు. తర్వాత ఇంటి వైపు నడక మొదలుపెట్టాడు. నాకు కాళ్ళ నొప్పులున్నా, ఆయన్ని తిట్టుకుంటూనే వెనకాల నడిచాను. దారిలో మెరిసిపోయే కార్లు ఎన్ని ఆగి ఉన్నాయో! ఒక్కదాని వైపూ కన్నెత్తి చూడలేదు మా బావ.