గొళ్ళెం లేని తలుపు

నేను నర్సుగా చేస్తున్న ఈ మద్యం మాన్పించే సెంటర్‌లో ఏ గదికీ బయట గొళ్ళెం ఉండదు. లైసెన్సు కోసం తనిఖీకి వచ్చినవాళ్ళు అది చూసే వెళ్ళారు. అయినా మా వంటమనిషి అంకమ్మ పొద్దున్నే ప్రతి తలుపునూ తడిమి చూసుకుంటుంది. పొయ్యి వెలిగించేది ఆ తర్వాతే.

అంకమ్మకు ఉన్నది ఒక్కడే తమ్ముడు, జక్రయ్య. అమ్మ పోయాక మిరప కల్లాల్లో తొడిమలు తీసి పెంచింది. అతను చిలకలూరిపేటలో పత్తి మిల్లు హమాలీగా చేరి తాగుడు మరిగాడు. పొద్దున్నే చుక్క పడందే చేతులు వణికేవి. తమ్ముణ్ణి ఎలాగైనా బతికించుకోవాలని, సింగరాయకొండ అవతల పొగాకును వేడికి ఆరబెట్టే పాత బ్యారన్‌లో ఎవడో పెట్టిన కేంద్రంలో చేర్పించింది. ఫీజు కట్టలేక తనే అక్కడ వంటకు కుదిరింది.

దానికి లైసెన్సు లేదు. డాక్టరు లేడు. ఉన్నదల్లా ఓ పెద్ద తాళం. దాని చెవి యజమాని అంకమ్మ చేతికే ఇచ్చాడు.

"ఎంత బాదినా తియ్యొద్దమ్మా. మందు కోసం నాటకాలాడతారు. తీశావంటే నీ తమ్ముణ్ణి నువ్వే చంపుకున్నట్టు" అన్నాడు.

సిగ్గులేని మనిషి! ఏళ్ళ తరబడి తాగినవాడికి ఉన్నట్టుండి ఆపేస్తే ఫిట్స్ రావచ్చు, ప్రాణమే పోవచ్చు. పక్కన డాక్టరుండాలని రూలు పెట్టింది గోడకు తగిలించుకోవడానికా?

మూడో రోజు మధ్యాహ్నం జక్రయ్య తలుపు బాదాడు.

"అక్కా, తియ్యక్కా! నాకేదో అయిపోతోంది!"

"ఓర్చుకోరా నా బంగారం. రేపటికి తగ్గిపోద్దిలే" అంటూ అంకమ్మ తలుపుకు ఆనుకుని కూర్చుని ఏడ్చింది. తాళంచెవి కొంగు ముడిలోనే ఉంది.

కాసేపటికి చప్పుడు ఆగింది. నిద్రపట్టిందనుకుని, తమ్ముడికిష్టమని గోంగూర పచ్చడి నూరింది. అన్నం కలిపి తీసుకెళ్ళి తాళం తీసింది. జక్రయ్య తలుపు దగ్గరే పడి ఉన్నాడు. ఒళ్ళు చల్లబడిపోయింది.

తర్వాత ఆ కేంద్రాన్ని సీలు చేశారు, అంకమ్మ మా దగ్గర వంటకు చేరింది. యజమాని బెయిలు మీద బయటే తిరుగుతున్నాడు. తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

"నీ తప్పేముంది అంకమ్మా, వాడు చెప్పిందే నమ్మావు" అన్నానొకసారి.

"తమ్ముడు చెప్పింది నమ్మలేదు కదమ్మా" అంది.

నిన్న మధ్యాహ్నం గాలి రేగి, చివరి గది తలుపు దబదబా కొట్టుకుంది. అంకమ్మ అన్నం వార్చడం వదిలేసి పరిగెత్తింది. నేనూ వెనకే వెళ్ళాను. గదిలో ఎవరూ లేరు. తలుపు బార్లా తెరిచే ఉంది. ఆమె మాత్రం గుమ్మంలో నిలబడి, కొంగంతా వెతుక్కుంటోంది.

"వస్తున్నా తమ్ముడూ, తీస్తున్నా... ఇదిగో, తీస్తున్నా!"