మా అమ్మ తవ్విన చెరువు దాకా సైకిలు మీద

చెరువులూ అడవులూ చూడాలని సరదా పుట్టి సైకిలెక్కే భాగ్యవంతులుంటారు. నా ప్రయాణం అలాంటిది కాదు. మా అక్క కరుణమ్మ ఆరు నెలలుగా మంచం దిగలేదు. నేను బయలుదేరే ముందు ఆదివారం దొరసాని డాక్టరు వచ్చి చూసి, ఇక మందులు చాలు, ఏమడిగితే అది పెట్టండి అని చెప్పి వెళ్లిపోయింది. అక్క అడిగింది తిండి కాదు. "కోడుమూరు అవతల మన చెరువుండాది గదా దేవదానమూ, ఒక్కతూరి పొయ్యి చూసి రా. ఈ యేడు వానలు బాగ పడినాయి. నిండింటే ఒక సీసా నీళ్లు పట్టుకరా. తాగి పోతా" అంది.

మన చెరువు అంటే మాకేదో ఆస్తి ఉందనుకునేరు. మాకు సెంటు భూమి లేదు. నాకు మూడేళ్లప్పుడు కరువొస్తే సర్కారు వాళ్లు కూలి ఇచ్చి తవ్వించిన చెరువు అది. అమ్మ గడ్డపార వేసేది, పన్నెండేళ్ల అక్క తట్ట మోసేది. తవ్విన లోతును బట్టి కూలి. లోతు కొలవడానికి గుంత నడుమ కొంత నేలను తవ్వకుండా దిమ్మెలా వదిలేసేవాళ్లు. నేను ఎక్కడ కాళ్ల కింద పడతానో అని అమ్మ నన్ను ఆ దిమ్మె మీద కూర్చోబెట్టేదట. వాళ్లు కిందికి దిగేకొద్దీ నేను ఎత్తయ్యేవాణ్ణట. కొన్నాళ్లకు కూలీల గుడిసెల్లో కలరా వచ్చి అమ్మ పోయింది. అక్క నన్ను చంకనేసుకుని, గట్టు పూర్తయ్యేదాకా మట్టి మోసి, ఆ తర్వాత క్రైస్తవ మిషను వాళ్ల వెంట కమలాపురం చేరింది. మళ్లీ అటు పోలేదు. కానీ మబ్బు పట్టినప్పుడల్లా "మన చెరువు నిండింటాది" అనేది. గుడిలో ప్రార్థన చేసినా ఆ చెరువు కోసం స్తోత్రం చెప్పకుండా లేచేది కాదు. అమ్మ ఊరికే పోలేదని చెప్పుకోవడానికి ఆమెకు మిగిలింది ఆ చెరువొక్కటే.

నేను మిషను బడిలో నాలుగో తరగతికి పాఠాలు చెబుతాను. నాలుగు రోజుల సెలవూ, పెద్దయ్యవారి సైకిలూ అడిగి తీసుకుని, మంగళవారం ఉదయం కమలాపురంలో రైలెక్కాను. గుంతకల్లులో దిగి డోన్ పోయే చిన్న రైలుకు మారాలి. సైకిలును బ్రేకువ్యానులో వేయడానికి ఎనిమిదణాలు పుచ్చుకున్నారు. నన్ను మూడో తరగతిలో కుక్కారు గానీ దాన్ని మాత్రం ఇద్దరు కూలీలు జాగ్రత్తగా పట్టుకుని దించారు. డోన్ చేరేసరికి పొద్దుగూకింది. స్టేషను పక్కన ముసాఫిర్‌ఖానాలో పడక ఉచితం, నల్లులు కూడా ఉచితమే.

బుధవారం తెల్లవారుతూనే బయలుదేరాను. డోన్ నుంచి కోడుమూరు పాతిక మైళ్ల బండిబాట. మొదటి ఏడెనిమిది మైళ్లు గుట్టల మధ్య చిట్టడవి. ఎక్కడ చూసినా సీతాఫలాల చెట్లు, వాటి మధ్య బలుసు పొదలు, తుమ్మలు. పండిన కాయలు పగిలి బాట మీద పడి ఉన్నాయి. ఎవరూ అడ్డం చెప్పలేదు, కడుపునిండా తిన్నాను. దారిలో రెండు కుంటలు కనిపించాయి. రెండింటిలోనూ నీళ్లున్నాయి. కొంగలు ఒంటికాలి మీద నిలబడి ఉన్నాయి. ఇంత చిన్న కుంటలే నిండితే అంత పెద్ద చెరువు ఎలా ఉంటుందో అనుకుని, సిగ్గులేకుండా పాట పాడుకుంటూ తొక్కాను. ఆ పాటకు తుమ్మముల్లు సమాధానం చెప్పింది. ట్యూబుకు అతుకు వేసుకునేసరికి గంట పోయింది. ఆ పైన ఎర్రనేల అయిపోయి నల్లరేగడి వచ్చింది. పోయిన వారం వానకు బాట ఇంకా మెత్తగానే ఉంది, చక్రానికి మట్టి పట్టి తిరగనని మొరాయించింది. నాలుగు మైళ్లు నేనే సైకిలును నడిపించాను.

కోడుమూరు చేరేసరికి పన్నెండు దాటింది. సంత కట్ట దగ్గర ఖాసింబీ అనే ముసలమ్మ జొన్నరొట్టెలు కాలుస్తూ కనిపించింది. రెండు రొట్టెలు, వేరుశనగ కారం, ఒక అణా. చెరువుకు దారేదని అడిగితే చేతిలో రొట్టె తట్టడం ఆపింది.

"ఏ చెరువు బేటా? ఆ కరువు చెరువా?"

"అదే. నిండిందా ఈ యేడు?"

ఆమె నా ముఖం చూసి, ఇంకో రొట్టె తీసి ఆకులో వేసింది. "తిను ముందు. పొయ్యి చూసుకుందువులే, యాడికీ పోదు" అంది. మూడో రొట్టెకు దుడ్లు తీసుకోలేదు. అప్పుడే నాకు అర్థం కావలసింది.

అక్కణ్ణుంచి పడమరగా నాలుగు మైళ్లు. దూరం నుంచే గట్టు కనిపిస్తుంది, అబద్ధమెందుకు, చూస్తే గుండె పొంగుతుంది. మైలు పొడవు, తాటిచెట్టంత ఎత్తు, లోపలివైపు రాతికట్టు. పైన రెండు బండ్లు పక్కపక్కన పోవచ్చు. ఈ జిల్లాలో సైకిలు తొక్కడానికి అంత సాఫీ అయిన దారి నేను చూడలేదు. మట్టి మోసిన కాళ్లే దాన్ని దిమ్మిస కొట్టినట్టు గట్టిపరిచాయి. సైకిలును ఒక వైపు నుంచి మోసుకుని పైకెక్కి, కళ్లు మూసుకుని, నీటి గాలి కోసం ఊపిరి పీల్చాను. దుమ్ము వాసన వచ్చింది.

లోపల చుక్క నీరు లేదు. కంటికి ఆనినంత మేర తెల్లటి చవుడు పూసిన నేల, దాని మీద మేకలు.

తూము దగ్గర ఒక పెద్దాయన ఇనుప తలుపు చువ్వకు గుడ్డతో ఆముదం పూస్తున్నాడు. పేరు నాగన్న, ఆ చెరువు నీరుగంటి. అంటే తూము తీసి ఎవరి పొలానికి ఎంత నీరు పారాలో చూసేవాడు.

"యాడనుంచి వస్తాండావప్పా?"

"కమలాపురం. చెరువు చూద్దామని."

"చూడు చూడు. అడుగు దాకా కనపడతాది."

నాకు నవ్వు రాలేదు. ఈ యేడు కూడా నిండలేదా అని అడిగాను.

"ఈ యేడేందప్పా, యా యేడూ నిండలా. ఒకసారి మోకాటి లోతు వచ్చి మూడు దినాలుండె. వాన నీళ్ల వంక ఆ గుట్టెనక పోతాది. ఇట్ల రమ్మంటే వస్తాదా?"

"మరి ఇక్కడెందుకు కట్టారు?"

"నీళ్ల కోసమని ఎవురు చెప్పినారు నీకు? జనాలకు పని చూపీల్ల, చూపిచ్చినారు. కరువు అయిపాయ, పని అయిపాయ, పొయినారు."

"మరి ఆ నూనె ఎందుకు?"

"తూము బిగుసుకపోతే ఈ పనికిచ్చిన మాన్యం పెరుక్కుంటారు. రెండెకరాలు. అది గూడా ఎండుదే" అని మళ్లీ గుడ్డ అందుకున్నాడు.

అమ్మ సంగతి చెప్పాను. నాగన్న నూనె చెయ్యి పంచెకు తుడుచుకుని, నన్ను చెరువు లోపలికి దించాడు. అక్కడ దిమ్మెలు అలాగే ఉన్నాయి, నలభై యాభై దాకా. వానలకు అంచులు అరిగి గుండ్రబడ్డాయి, అంతే. "నీళ్లు నిలిచింటే ఎప్పుడో కరిగిపోయుండును" అన్నాడు. మాది ఏదో తెలిసే దారి లేదు. ఒకదాని మీద కూర్చున్నాను. నా కాళ్లు నేలకు ఆనాయి. ఆపాటి లోతు కోసమా మా అమ్మ చచ్చిపోయిందని, ముప్పై దాటిన మగవాణ్ణి, మేకల ముందు వెక్కి వెక్కి ఏడ్చాను. కన్నీళ్లో చవుడో గానీ పెదాలు ఉప్పగా తగిలాయి.

సంచిలో ఖాళీ సీసా చూసి నాగన్న అదేమిటని అడిగాడు. చెప్పాను. తూము నీడలో పెట్టుకున్న తన కుండ తెచ్చి సీసా నిండా పోశాడు. "ఈడ బాయి తవ్వితే ఉప్పు. మైలున్నర పొయ్యి తెచ్చుకుంటాండా. ఇవి పట్టుకపో. చెరువు నీళ్లే అని చెప్పు. పొయ్యే మనిషి నిజం కట్టుకోని ఏం జేసుకుంటాది?" అన్నాడు. నేను తీసుకున్నాను. సందేహించలేదు కూడా.

రాత్రికి రాత్రే డోన్ దాకా తొక్కి, తెల్లవారి బండి అందుకుని, గురువారం సాయంత్రానికి ఇల్లు చేరాను. అక్క తల కింద రెండు దిండ్లు పెట్టి, నిండుగా ఉందక్కా, కొంగలున్నాయి, గాలికి అలలు లేస్తున్నాయి అని దారిలో చూసిన కుంటలన్నీ ఆ చెరువులో పోసి చెప్పాను. ఆమె ముఖం వెలిగింది. గ్లాసు నోటికందించాను. ఒక గుటక మింగింది. రెండో గుటక నోట్లోనే కాసేపు ఉంచుకుంది.

"తియ్యగుండాయి" అంది.

"అవునక్కా."

"ఆ మట్టి ఉప్పు నాయనా. తట్టలోనుంచి కారి నోట్లో పడేది. అమ్మ పెదిమలు దానికే పగిలిపాయె. ఆ నేలన నిలిచిన నీళ్లు ఇట్లుండవు."

నేను తల దించుకున్నాను. ఆమె కోప్పడలేదు. "దిమ్మెలుండాయా?" అని మాత్రం అడిగింది. ఉన్నాయన్నాను. అబద్ధం ఒకటి దొరికిపోయాక రెండోది నోరు దాటలేదు. అక్క గ్లాసు పక్కకు జరిపి గోడవైపు తిరిగింది. మూడు రోజులకు ఊరంతా మబ్బు పట్టింది. కిటికీ తెరిచి చూపించాను. చూసింది, "మన చెరువు నిండింటాది" అనలేదు. ఆ రాత్రి వానలోనే పోయింది.

ఇది రాస్తూ కూడా నాకు ఓదార్పేమీ కనిపించడం లేదు. నీళ్లు తేకపోతే అక్కకు ఆ ఒక్క మాటైనా మిగిలేదేమో. అసలు వెళ్లకుండా, గుంతకల్లులో రెండు రోజులు కూర్చుని వచ్చి, నిండిందని చెప్పి ఉన్నా సరిపోయేది. ఆమె కోసం వెళ్లాననుకున్నాను, ఆమె దగ్గరున్నది పోగొట్టి వచ్చాను. గట్టు మాత్రం ఇంకో నూరేళ్లు నిలుస్తుంది, అంత బాగా కట్టారు మా వాళ్లు.

ఆ దారిన సైకిలు మీద వెళ్లదలచిన వారికి ఒక్క మాట. కోడుమూరు దాటాక తాగే నీరు దొరకదు, మూడు సీసాలు నింపుకుని వెళ్లండి. రెండు మీకు. మూడోది తూము దగ్గర నాగన్న కుండలో పోయండి. అందులోంచి నేనొక సీసా తెచ్చాను, మా అక్క రెండు గుటకలే తాగింది.