పెద్దల సభలో కుర్చీ అడిగిన మా బావ

మా బావ పోయాడు. నేను ఒడ్డున కుర్రాళ్ళ వల బాగుచేస్తుంటే, ఫెర్రీ దాటి బస్సెక్కితే వచ్చే గరాచర్మ నుంచి మా చెల్లెలు ఫోన్ చేసింది. "అన్నయ్యా, మీ బావ టీవీ ముందే ఎల్లిపోనారు" అంది. ఏం చూస్తున్నాడని అడిగాను. అడగాల్సిన మాట అది కాదు, కానీ నోట్లోంచి అదే వచ్చింది. "ఇంకేటి, ఆ పార్లమెంటే" అంది. ఏడుపుతో పాటు నాకు కోపం కూడా వచ్చింది. సముద్రంలో పోలేదు, మంచం పట్టి పోలేదు. తనకు కుర్చీ లేని సభను చూస్తూ పోయాడు.

ఇది చదివేవాళ్ళలో ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళు ఉంటారు. మీకు ఆయన తెలుగు మాస్టారు. నాకు చెల్లెలి మొగుడు. ఈ దీవుల్లో, హోప్ టౌన్ ఒడ్డున మాది చేపల వేట చేసుకునే ఇల్లు, నేను బడి మొహం చూసింది తక్కువ. నాకు పెళ్ళయి పిల్లలు పుట్టాక, బావే నన్ను ఇసుకలో కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించాడు. "పడవ మీద పేరు నువ్వే రాసుకో బావా. పెయింటరు తప్పు రాస్తే నీకెలా తెలుస్తుంది?" అనేవాడు. ఇప్పుడు రాస్తున్నది ఆ అక్షరాలతోనే. తప్పులుంటే ఆయన్నే అనండి.

ఆయన ఇంట్లో ప్రశాంతంగా టీ తాగడం కుదిరేది కాదు. గ్లాసు చేతికి అందగానే మొదలు. ఢిల్లీలో రెండు సభలున్నాయి. కింది సభకు మన దీవులన్నిటి తరఫునా వెళ్ళేది ఒక్కరు. పై సభకు ఆ ఒక్కరు కూడా లేరు. ఎందుకు లేరని నేను అడగకపోయినా చెప్పేవాడు. "ఆ సభకి మనుషుల్ని ఎన్నుకునేది ఎమ్మెల్యేలు బావా. మనకి అసెంబ్లీయే లేదు. ఎమ్మెల్యేలు ఎక్కణ్ణుంచి వస్తారు? సముద్రంలోంచి లేస్తారా?"

అయినా చూసేది ఆ సభనే. అక్కడ అరుపులు, లేచి బయటికి పోవడాలు, వాయిదాలు. వాయిదా పడినప్పుడల్లా వెనక బెంచీ వాళ్ళను తిట్టినట్టు టీవీని తిట్టేవాడు. "చదవండ్రా! కింది సభ తొందరలో ఏం రాసి పంపిందో చదవండి. మిమ్మల్ని కూర్చోబెట్టింది అందుకే!"

"క్యా ఫాయిదా బావా? ఆ రెండో సభ తీసిపారేస్తే గోల వదిలిపోద్ది కదా" అన్నాను ఒకసారి.

"ఇంజను మొరాయిస్తే సముద్రంలోకి తోసేస్తావేటి? విప్పి చూడవూ?"

విప్పి చూస్తే ఏం మార్చాలో కూడా చెప్పేవాడు, నాకు చెవులు నొప్పెట్టేదాకా. ఎన్నికల్లో ఓడిపోయినవాళ్ళకు అది పెరటి గుమ్మం కాకూడదట. కింది సభ పంపింది నచ్చకపోతే కారణం చెప్పి వెనక్కి పంపాలట, కింద వేసుకుని కూర్చోకూడదట. అసెంబ్లీ ఉన్నా లేకపోయినా, మనుషులు బతికే ప్రతిచోటి నుంచీ ఒకరైనా అక్కడ ఉండాలట. ఇదంతా ఎవరికి చెప్పాలి? నాకు. నేనేం చెయ్యగలను? టీ తాగగలను.

తెలుగులో ఆ పై సభను పెద్దల సభ అంటారు కదా. మా పేటలోనూ పెద్దల సభ ఉంది. వేటకు వెళ్ళే కుర్రాళ్ళు ఏదైనా నిర్ణయం చేస్తే, వేట మానేసిన ముసలివాళ్ళం దాని మీద ఇంకోసారి కూర్చుంటాం. 'మళ్ళీ కూకోడం' అంటాం దాన్ని. మా తాతలు శ్రీకాకుళం ఒడ్డు నుంచి తెచ్చుకున్న అలవాటు. ఢిల్లీది కూడా అలాంటిదేనని నేను చాలా ఏళ్ళు అనుకున్నాను. ఒకనాడు అడిగాను. "బావా, ఆల్లంతా ఏ వేట మానేసి వచ్చినోళ్ళు?"

ఆయనకు టీ పొలమారింది. మా చెల్లెల్ని వంటింట్లోంచి కేకేసి మరీ చెప్పి నవ్వాడు. నేను చెప్పులేసుకుని బయటికొచ్చేశాను. బస్టాపు దాకా వెనకే వచ్చాడు. "కోపం వద్దు బావా. నువ్వు అనుకున్నట్టే ఉండాల్సింది ఆ సభ. చేతులు కాయలు కాసినవాళ్ళు కూర్చోవాల్సింది" అన్నాడు. అప్పుడూ నవ్వుతూనే ఉన్నాడు.

ఈమధ్య టౌన్ నుంచి ఒక కాంట్రాక్టరు వచ్చాడు. మా పేట ఒడ్డున ఆడవాళ్ళు చేపలు ఎండబెట్టే నేల అడిగాడు. పెళ్ళిళ్ళకు, ఫంక్షన్లకు పెద్ద షెడ్డు వేస్తాడట. కుర్రాళ్ళు సరే అన్నారు. మేం మళ్ళీ కూర్చున్నాం. పిలవకుండానే ఫెర్రీ ఎక్కి బావ వచ్చి మా మధ్య కూర్చున్నాడు.

"ఆ నేల మీద చేపలు ఎండబెట్టేది ఎవరు?" అన్నాడు.

"ఆడోళ్ళు."

"మరి ఇక్కడ వాళ్ళేరీ?"

"మాస్టారూ, ఇది మొగోళ్ళు కూకునే కాడ" అన్నాడు మా ముసలివాళ్ళలో ఒకడు.

"అచ్ఛా! ఢిల్లీ కూడా మనతో అదే అంటోంది. ఇది రాష్ట్రాల సభ, మీకు కుర్చీ లేదు పొమ్మని. మనం అది తప్పంటాం. ఇది ఒప్పా?"

నాకు ఒళ్ళు మండింది. ఆ కూర్చున్నవాళ్ళలో పెద్దను నేను. "మా పేట సంగతి మాకొదిలెయ్ బావా. నీ పాఠాలు గరాచర్మలో సెప్పుకో" అని, ఇవాళ్టికి చాలు లేవండి అన్నాను.

"చూశావా, నువ్వూ వాయిదా వేశావు" అంటూ జెట్టీ వైపు నడిచాడు. నాతో ఆయన అన్న ఆఖరి మాట అదే.

కర్మలు అయ్యాక మా చెల్లెలి దగ్గర కూర్చుని ఏడ్చాను. అది కళ్ళు తుడుచుకుని, "సాలు అన్నయ్యా. నువ్వు ఏడిస్తే ఆయనకేటి? ఆడోళ్ళని పిలు" అంది.

నేను ఒప్పుకున్నానని ఎవరూ అనుకోవద్దు. గోల పడలేక పిలిచాను. వచ్చారు. వచ్చినవాళ్ళను లేపడం ఎవరి తరం? ఇంట్లో నేను ఏమడిగినా ఊఁ, ఊహూఁ తప్ప అనని మా ఆవిడ అందరికంటే ముందు లేచింది. "షెడ్డు కింద ఎండ ఏదీ? సేపలు ఎక్కడ ఎండెయ్యమంటారు, మీ బట్టతలల మీదా?"

"దీదీ, కొంచెం ఇను" అన్నాడు, మొగోళ్ళు కూకునే కాడ అన్న ఆ ముసలాయన.

"దీదీ లేదు గీదీ లేదు. ఇన్నాళ్ళూ మేం ఇన్నాం. ఇప్పుడు నువ్వు ఇను" అంది పక్కావిడ.

ఆ పూట పేటలో పొయ్యి వెలగలేదు. నా తల పగిలిపోయింది. చివరికి ఆడవాళ్ళు షెడ్డు వద్దని కొట్టిపారెయ్యలేదు. ఎందుకు కుదరదో చెప్పి, కుర్రాళ్ళనే ఇంకోసారి ఆలోచించుకోమన్నారు. అయితే ఆ నేల దగ్గరే కూర్చుని ఆలోచించాలన్నారు.

ఈ పొద్దున కుర్రాళ్ళు వచ్చేసరికి నేలంతా ఉప్పు పట్టించిన చేపలు పరిచేసి ఉన్నాయి. కూర్చోవడానికి చోటు లేదు. అంచుల్లో నిలబడే వాదించుకున్నారు. కాంట్రాక్టరు మనిషి కొలతల టేపు పట్టుకుని వచ్చి, అడుగు ఎక్కడ వెయ్యాలో తెలియక నా వైపు చూశాడు. నేను సముద్రం వైపు చూశాను. కుర్రాళ్ళలో పెద్దవాడు తల గోక్కుని, "భయ్యా, ఇధర్ జగా నహీ హై. జెట్టీ అవతల సూసుకోండి" అన్నాడు. అతను టేపు చుట్టుకుని వెళ్ళిపోయాడు.

కుర్రాళ్ళు మాత్రం కదల్లేదు. జెట్టీ అవతల ఎంత మేర ఇవ్వాలని మళ్ళీ మొదలుపెట్టారు. మాట ఆపకుండానే ఒకడు చెయ్యి ఊపి కాకిని తోలుతున్నాడు. ఇంకొకడు వంగి, వాళ్ళమ్మ పరిచిన చేపలను ఒక్కొక్కటే రెండోవైపుకి తిప్పుతున్నాడు.