మా పల్లె ఏ ఊరిది

జగ్గయ్యపేటను మేమంతా పేట అనే పిలిచేవాళ్ళం. పేట చివరి వీధి నుంచి పాలేరు వాగుకు వెళ్ళే బండ్ల బాట పక్కన, ఊళ్ళో చోటు లేని మావాళ్ళ ఇళ్ళతో మా పల్లె ఉండేది. ఆ వీధిలో ఎవరైనా గట్టిగా మాట్లాడితే మా వాకిట్లోకి వినపడేది. అయినా మాది పేట కాదనేవాళ్ళు. మా అమ్మ ఒకసారి వీధి దీపం అడగడానికి పంచాయతీ ఆఫీసుకు వెళ్తే, మీది పక్క గ్రామం, అక్కడ అడగమన్నారు. పక్క గ్రామం వెళ్ళి కరణంగారి అరుగు కింద నిలబడితే ఆయన నవ్వాడట. మీరు కూలి చేసేది పేటలో, బియ్యం కొనేది పేటలో, మా ఊరివాళ్ళు ఎట్లా అవుతారు అన్నాడట. ఆ రోజు అమ్మ ఇంటికొచ్చి కడవలు తీసుకుని పాలేటికి వెళ్ళిపోయింది. ఇక దీపం మాట ఎత్తలేదు.

పల్లెలో ఉన్నది ఒకటే బావి, అందులో ఉప్పు నీళ్ళు. ఆ నీళ్ళతో పప్పు ఉడకదు. మంచినీళ్ళు కావాలంటే పాలేటి ఇసుకలో చెలమ తవ్వి, నీరు ఊరేదాకా కూర్చుని, ముంతతో తోడి కడవ నింపుకోవాలి. ఎండాకాలంలో ఒక్క కడవకు పొద్దంతా పట్టేది. నా చదువు చివరికొచ్చేసరికి పేటలో పెద్ద ట్యాంకు కట్టి వీధివీధికీ కుళాయిలు పెట్టారు. మా పల్లెకూ ఒకటి వెయ్యమంటే మీది మా ఊరు కాదన్నారు. షావుకార్ల వీధి కుళాయి దగ్గర మా ఆడవాళ్ళు ఎడంగా నిలబడితే, జాలిపడ్డ వాళ్ళెవరో తమ బిందెలోంచి కాస్త వంచి పోసేవాళ్ళు. కుళాయి మీద మాత్రం మా చెయ్యి పడకూడదు. అట్లా అని ఎక్కడా రాసి పెట్టలేదు, కానీ అందరికీ తెలుసు. మేము ఆదివారం చర్చికి వెళ్ళేవాళ్ళమైనా, బైబిలు చదువుకున్నవాళ్ళమైనా ఆ కుళాయి దగ్గర తేడా ఏమీ రాలేదు. మా అమ్మ అక్కడికి వెళ్ళేది కాదు. ఒకళ్ళు పైనుంచి పోస్తే తాగే నీళ్ళు నాకు గొంతు దిగవు అనేది.

ఇంట్లో మేము ముగ్గురమే. నాన్న పేటలో ఒక టోకు వ్యాపారి గోడౌనులో మిరపకాయ బస్తాలు మోసేవాడు. అమ్మ సీజనులో మిరప కోతలకు, మిగతా రోజుల్లో ఏ పని దొరికితే ఆ పనికి వెళ్ళేది. నేను మిషను హాస్టల్లో ఉండి చదువుకుని, టీచరు ట్రైనింగు పూర్తిచేసి, పేటలోనే పంచాయతీ సమితి బడిలో ఉద్యోగంలో చేరాను. మా పల్లెలో జీతం తెచ్చుకున్న మొదటి ఆడపిల్లను నేనే. చేరిన కొద్ది కాలానికే అరవై ఒకటి జనాభా లెక్కలు వచ్చాయి.

లెక్కలు రాసే పని మాబోటి టీచర్లదే. మా పల్లెకు వెళ్ళడానికి బడిలో మిగతావాళ్ళెవరూ ముందుకు రాలేదు. నువ్వు ఎట్లాగూ అక్కడే ఉంటావు గదమ్మా అని హెడ్మాస్టరుగారు నా పేరు రాసేశారు. నందిగామ తాలూకా కచేరీలో మాకు శిక్షణ ఇచ్చారు. తాసిల్దారుగారు స్వయంగా వచ్చి మాట్లాడారు. మేడలో ఉన్నా గుడిసెలో ఉన్నా బతికున్న మనిషిని వదలకూడదు, ఒకరి లెక్క ఒకటే, ఎవరికీ ఎక్కువ లేదు, ఎవరికీ తక్కువ లేదు అన్నారు. నాకు ఆ మాట బాగా నచ్చింది. తిరుగు బస్సులో దాన్నే తల్చుకుంటూ వచ్చాను.

నేను వచ్చేసరికి మా ఇంటి ముందు మనుషులు నిలబడి ఉన్నారు. పేట పంచాయతీ మెంబరు ఒకాయన, ఆయన వెనక ఆఫీసు గుమస్తా. మా నాన్న మోసే బస్తాలు ఆ మెంబరుగారివే. ఆయన మా పల్లెలో అడుగుపెట్టడం అదే మొదటిసారి. ఈసారి లెక్కల్లో మీరంతా పేట జనాభాలోకే వస్తారు, పంచాయతీ వాళ్ళం కాగితం పెట్టాం అని చెప్పాడు. ఎవరైనా అడిగితే మాది పేటే అని చెప్పమన్నాడు.

ఎందుకీ ప్రేమ అనేది మాకు తెలియంది కాదు. పేటవాళ్ళకు నందిగామ అంటే కడుపుమంట. వ్యాపారమంతా ఇక్కడ, కచేరీ, కోర్టు, అధికార్లు అంతా అక్కడ. ఏ చిన్న పని పడ్డా బస్సెక్కి నందిగామ పోయి చెట్టు కింద కూర్చోవాలి. జనం లెక్కలో పేట బాగా పెద్దదని తేలితే గ్రాంటు పెరుగుతుందని, ఇవాళ కాకపోతే రేపైనా తాలూకాను చీల్చి పేటకు వేరే కచేరీ ఇస్తారని షావుకార్లు లెక్కలేసుకుంటున్నారు. దానికి చుట్టూ ఉన్న పల్లెల మనుషులు కావలసి వచ్చారు.

అమ్మ అంతా విని, కుళాయి ఎప్పుడు వేస్తారండీ అని అడిగింది. ముందు లెక్కలు కానీ, తర్వాత చూద్దాం అన్నాడాయన.

మర్నాడు నేను జేగురు రంగు, చిన్న బ్రష్షు పట్టుకుని ఇంటింటికీ నంబర్లు వేసుకుంటూ పోయాను. లెక్క రాయడానికి ముందు ప్రతి ఇంటికీ నంబరు ఉండాలి. పిల్లలు నా వెనకాలే తిరుగుతూ వాళ్ళ నంబర్లు పాటలాగా చెప్పుకున్నారు. సాయంత్రానికి పల్లె అంతా అయిపోయింది. ఆ తర్వాతి రోజు బడి నుంచి వస్తుంటే ఒక్క నంబరు కనిపించలేదు. గోడలన్నీ పేడ, మట్టి కలిపి కొత్తగా అలికి ఉన్నాయి. తడి ఇంకా ఆరలేదు. పండగ లేదు, పెళ్ళి లేదు, ఊరంతా ఒకేరోజు అలుక్కోవడమేమిటి? మా ఇంట్లోకి వెళ్తే అమ్మ చేతులు కడుక్కుంటోంది.

"నా ఉద్యోగం సంగతి ఆలోచించావా అమ్మా?" అన్నాను.

"నువ్వు నీ పని చేసావు, నేను నా పని చేసా. కుళాయి వచ్చినరోజు నేనే దగ్గరుండి వేయిస్తా. అప్పటిదాకా ఎన్నిసార్లు వేస్తే అన్నిసార్లు అలుకుతా," అంది.

నాకు ఒళ్ళు మండింది. చదివించిన తల్లే నా పనికి అడ్డం పడిందని ఆ పూట అన్నం తినలేదు. కానీ పళ్ళెం ముందు కూర్చుని ఎంతసేపు ఆలోచించినా ఆమె మాటలో తప్పు దొరకలేదు.

సంగతి పేటలో తెలిసిపోయింది. మెంబరుగారు నాన్నను గోడౌను దగ్గర ఆపి, నీ పెళ్ళానికి బుద్ధి చెప్పు, లేకపోతే రేపటినుంచి బస్తాలు మోసే మనుషులు నాకు వేరే దొరుకుతారు అన్నాడట. నాన్న ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని, నీకు బుద్ధి చెప్పమన్నారు అని అమ్మతో అన్నాడు. చెప్పావా అంది అమ్మ. చెప్పాగా అని కంచం ముందుకు జరుపుకున్నాడు. ఆ విషయం మా ఇంట్లో అంతటితో సరి.

గుమస్తా మాత్రం నన్ను బడి దగ్గర పట్టుకున్నాడు. లెక్కలకు అడ్డం పడితే కేసు పెడతారని ముందు భయపెట్టాడు. తర్వాత గొంతు తగ్గించి, నంబర్లు లేకపోతే పోనీ, నీకు అందరూ తెలిసినవాళ్ళే గదా, ఇంట్లో కూర్చుని నింపెయ్యి, ఓ నాలుగు తలలు ఎక్కువ పడినా ఎవరూ అడగరు అన్నాడు. అప్పటిదాకా నేను అమ్మ మీద కోపంగానే ఉన్నాను. ఆ మాటతో ఆ కోపం అతని మీదికి తిరిగింది. బతికున్న మనిషి వాకిట్లోకి వచ్చి అడగకుండా, ఆ మనిషి ఏమంటుందో వినకుండా, ఊహించి రాసెయ్యమంటున్నాడు. మేము అంతకన్నా దేనికీ పనికిరామని అతని ఉద్దేశం. మర్నాడు సెలవు పెట్టి నందిగామ బస్సెక్కాను.

తాసిల్దారుగారి గది బయట మధ్యాహ్నం దాకా నిలబడ్డాను. లోపలికి పిలిచాక జరిగింది జరిగినట్టు చెప్పాను. గోడలు అలికింది మా అమ్మేనని కూడా దాచలేదు. ఆయన ముఖం చిట్లించి, నీ పల్లెలో లెక్క ఆగిపోతే తాలూకా లెక్కే ఆగిపోతుంది తెలుసా అన్నారు. తెలుసునండి, అందుకే మీరు ఒకసారి రావాలి అన్నాను.

ఆయన జీపులో వచ్చారు. మెంబరుగారు, గుమస్తా కూడా వచ్చారు. పల్లె అంతా బాట మీద నిలబడింది. అమ్మ అందరికన్నా ముందు ఉంది.

"నంబర్లు ఎవరు చెరిపారు?" అని అడిగారు తాసిల్దారుగారు.

"నేనేనండి. మిగతావాళ్ళకి చెప్పింది కూడా నేనే."

"లెక్కలో లేకపోతే నష్టపోయేది మీరే గదమ్మా."

"దీపం అడిగితే మా ఊరు కాదన్నారండి. నీళ్ళడిగితే మా ఊరు కాదన్నారు. ఇప్పుడు తలకాయలు కావాల్సొచ్చి మా ఊరే అంటున్నారు. మాకు తలకాయలు ఒకచోట, గొంతులు ఒకచోట ఉండవు గదండి."

మెంబరుగారు ఏదో అనబోయాడు. తాసిల్దారుగారు చెయ్యెత్తి ఆపారు. కుళాయి వేయించడం తన చేతిలో పని కాదని, కానీ మనుషులన్నాక ఎక్కడో ఒకచోట రాయక తప్పదని అమ్మతో అన్నారు.

"అయితే నీళ్ళిచ్చే ఊళ్ళో రాయండి. పక్క గ్రామం వాళ్ళు ఇస్తే వాళ్ళకే రాయండి. మాకు ఎవరైనా ఒకటే," అంది అమ్మ.

ఆయన అలికిన గోడల వంక చూశారు. తర్వాత మెంబరుగారి వైపు తిరిగి, ఈ పల్లె మీదేనని మీరే కాగితం పెట్టారు, మీదైతే మీ ఊరికి ఇచ్చేవన్నీ వీళ్ళకూ ఇవ్వాలి, కాదంటే ఇప్పుడే చెప్పండి, పక్క గ్రామంలో రాయిస్తాను అన్నారు. ఆయనకు మా మీద ప్రత్యేకమైన ప్రేమ ఉందని నేను అనుకోను. తన పని గడువులోపల అవ్వాలి, అంతే. ఆ రోజు మాకు అది చాలింది.

లెక్కలు మొదలయ్యేలోపే పల్లె మొదట్లో గొట్టం వేసి కుళాయి బిగించారు. నీళ్ళు తెల్లవారుజామున కొంచెంసేపు వచ్చేవి. మొదటిరోజు అమ్మ కుళాయి తిప్పి, దోసిలి పట్టి తాగి, తడి చేత్తో ముఖం తుడుచుకుని, ఇక రంగు తీసుకురా అంది. అన్నమాట ప్రకారం ఆవిడే దగ్గరుండి ప్రతి ఇంటికీ నంబరు వేయించింది.

ఆ తర్వాత ఇంటింటికీ కూర్చుని లెక్క రాశాను. మా ఇంటి వంతు వచ్చినప్పుడు అమ్మను ఏం పని చేస్తావు అని అడగాలి. బడిలో తోటి టీచరొకాయన, ఆడవాళ్ళందరికీ ఇంటిపని అని రాసేస్తే త్వరగా అయిపోతుందని సలహా ఇచ్చి ఉన్నాడు. అమ్మతో ఆ సంగతి చెప్పాను.

"మిరపకాయలు వాళ్ళమ్మ కోసిందా? కూలి అని రాయి. పల్లెలో ఆడవాళ్ళందరికీ అట్లానే రాయి," అంది.

అట్లాగే రాశాను. ఒక్కొక్క ఇంటి దగ్గర ఆడవాళ్ళను కూర్చోబెట్టుకుని, ఏ పనికి వెళ్తారో అడిగి అదే రాశాను. ఆలస్యమైంది. అయితే అయిందనుకున్నాను.

లెక్కలు అయిపోయి ఎండలు ముదిరాయి. కుళాయిలో నీళ్ళు ముందు సన్నబడ్డాయి, తర్వాత ఆగిపోయాయి. అడిగితే ట్యాంకులో నీళ్ళు లేవన్నారు. షావుకార్ల వీధిలో మాత్రం వస్తూనే ఉన్నాయి. మా వైపు వాల్వు కట్టేశారని గొట్టాలు బాగుచేసే మనిషి ఒకతను నాన్నతో చెప్పాడు. మళ్ళీ పాలేటికి నడవాలా అని కొందరు ఏడ్చారు. అమ్మ ఏడవలేదు. కడవ చంకన పెట్టుకుని పేట వైపు నడిచింది. ఆవిడ వెనక పల్లె ఆడవాళ్ళు నడిచారు. బడికి సెలవు రోజు కావడంతో నేనూ బిందె తీసుకుని వెళ్ళాను.

షావుకార్ల వీధి కుళాయి దగ్గర అమ్మ ఎడంగా నిలబడలేదు. తన ముందు ఇద్దరున్నారు. వాళ్ళ వెనక నిలబడింది. వాళ్ళు పట్టుకున్నాక ముందుకెళ్ళి కుళాయి తిప్పింది. మెంబరుగారు కొట్టులోంచి బయటికొచ్చి, మీ కుళాయి మీకు వేశాం గదా, ఇక్కడికెందుకొచ్చారు అని కేకలేశాడు.

"ఆ కుళాయి మీరు కట్టేసారు. మేం పేటవాళ్ళమని మీరే రాయించారు గదండి. పేటలో ఏ కుళాయైనా మాదే," అంది అమ్మ. గొంతు పెంచలేదు.

వీధిలో అరుగుల మీద జనం లేచి నిలబడ్డారు. ఎవరో కర్ర పట్టుకున్నారు. అప్పుడే నాన్న వీపు మీద బస్తాతో గోడౌనుకు పోతున్నాడు. ఆగి చూశాడు. బస్తాను మెంబరుగారి అరుగు మీద దించి, కుళాయి దగ్గరికొచ్చి, నిండిన కడవను రెండు చేతులా ఎత్తి అమ్మ నెత్తిన పెట్టాడు. మళ్ళీ ఆ బస్తా ముట్టుకోలేదు. కర్ర పట్టుకున్న మనిషి అట్లాగే చూస్తూ ఉండిపోయాడు. నా వంతు వచ్చినప్పుడు నేనూ కుళాయి తిప్పాను.

అట్లా రోజూ వెళ్ళాం. ఒకరోజు మా కడవల్లో మట్టి వేశారు, ఒకరోజు పోలీసును పిలిచారు. పోలీసు వచ్చి, లైనులో నిలబడ్డ మనుషుల్ని ఏ తప్పు మీద పట్టుకెళ్ళాలి అని వెళ్ళిపోయాడు. కొన్నాళ్ళకు మా వైపు వాల్వు తెరుచుకుంది. దాన్ని మళ్ళీ ఎవరూ కట్టెయ్యలేదు. అయినా మా ఆడవాళ్ళు బజారుకు వెళ్ళినప్పుడల్లా షావుకార్ల వీధి కుళాయి దగ్గర ఆగి నీళ్ళు తాగేవాళ్ళు. దాహం లేకపోయినా తాగేవాళ్ళు.

నాన్నకు గోడౌను పని పోయింది. చిల్లకల్లు దగ్గర రోడ్డు మీద లారీలకు లోడింగు పనికి కుదిరాడు. పేట జనాభా పెరిగిందని షావుకార్లు సంతోషించారు. ఆ పెరిగినవాళ్ళలో మేమూ ఉన్నాం. తాలూకా కచేరీ మాత్రం నందిగామలోనే ఉండిపోయింది.

బళ్ళు తెరిచేసరికి నాకు బదిలీ వచ్చింది. చందర్లపాడు అవతల, బస్సు దిగి నడిచి వెళ్ళాల్సిన ఊరు. ఎందుకు వచ్చిందో ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. సమితి ఆఫీసుకు వెళ్ళి కాళ్ళు పట్టుకుంటే ఆపుతారని కొందరన్నారు. పెట్టె సర్దుకుని వెళ్ళి చేరాను. ఆ బడిలో వరండాలో మంచినీళ్ళ కుండ ఉంది. ఆ ఊరి పల్లె పిల్లలు మెట్ల కింద దోసిలి పట్టి నిలబడితే పెద్ద తరగతి కుర్రాడొకడు పైనుంచి పోస్తున్నాడు. నేను కుండ దగ్గరికెళ్ళి గ్లాసు ముంచుకుని తాగి, పిల్లల్ని పైకి రమ్మన్నాను. ఒక పాప రాలేదు. చెయ్యి పట్టుకుని మెట్లు ఎక్కించి గ్లాసు దాని చేతికిచ్చాను. హెడ్మాస్టరు గదిలోంచి బయటికొచ్చాడు. కొత్త టీచరమ్మా, మీది ఏ ఊరు అని అడిగాడు.

జగ్గయ్యపేట అని చెప్పాను.