చెవుల దగ్గర తడి

చైతాదేవికి మనుషుల మొహాలకన్నా వాళ్ళు మడతపెట్టిన దుప్పట్లే బాగా గుర్తుంటాయి. రిషికేశ్‌లో గంగ ఒడ్డునున్న ఆ యోగాశ్రమంలో ఆమెది ఇరవయ్యొక్క ఏళ్ళ కొలువు. పొద్దుటి తరగతి అయ్యాక హాల్లో దొంతరగా పేర్చిన దుప్పట్లను మేడమీదికి మోసుకెళ్ళి, దులిపి, దండెంమీద ఎండేసి, సాయంత్రానికి మళ్ళీ తెచ్చిపెట్టాలి. ఈలోగా కొండముచ్చులు లాక్కుపోకుండా కర్ర పట్టుకుని కాపలా కూర్చోవాలి.

అన్నేళ్ళు దుప్పట్లతో కాపురం చేస్తే కొన్ని సంగతులు వాటంతటవే తెలుస్తాయి. అంచుకు అంచు కలిపి మడిచేవాళ్ళు ఎక్కడో పెత్తనం చేసేవాళ్ళు. ఉండచుట్టి పడేసేవాళ్ళకు ఇంటి దగ్గర మడతపెట్టే మనిషి వేరే ఉంది. ఇక తల ఆనిన చోట, జానెడు ఎడంగా రెండు తడి మరకలు కనిపించాయంటే ఆ మనిషి శవాసనంలో ఏడ్చినట్టే. వెల్లకిలా పడుకుని ఏడిస్తే కన్నీళ్ళు బుగ్గలమీదికి రావు, చెవుల్లోకి పోతాయి. ఈ సంగతి చైతాకు ఏ గురువూ చెప్పలేదు.

తను మాత్రం ఏనాడూ ఆ హాల్లో నడుం వాల్చలేదు. "బతికున్న మనిషి శవంలా పడుకోవడమేంటమ్మా, మా ఊళ్ళో అలా పడుకోబెడితే ఇక లేవరు" అని నవ్వేసేది. ఆరు నెలలుగా కుడి భుజం పట్టేసి చెయ్యి చెవిదాకా కూడా లేవడం లేదు. తరగతులు చెప్పే మాతాజీ రెండుసార్లు పిలిచి, ఒక్క పది నిమిషాలు పడుకో, నేను చూస్తానంది. "పనిచేసే చెయ్యి మాతాజీ, దానికి సేవలు చేస్తే నెత్తికెక్కుతుంది" అని తప్పించుకుంది. దండెం చూస్తే తలకు పైనెత్తున కట్టి ఉంది. రోజూ మునివేళ్ళమీద లేచి, పళ్ళు బిగించి, ఎడంచేత్తోనే దుప్పట్లు విసిరేది.

ఆశ్రమంలో ఏడుపు వింతేమీ కాదు. ఎవరైనా ఏడుస్తుంటే పలకరించకూడదని అక్కడి పద్ధతి. లోపలి మైల కరుగుతోందని, అందరూ మర్యాదగా పక్కకు తప్పుకుంటారు. అందుకే తడి దుప్పటి కనిపిస్తే చైతా కూడా నోరు మెదపకుండా ఎండేసేది. కానీ ఈసారి కొత్తగా వచ్చిన ఇరవైరెండుమందిలో ఎవరో వరసగా ఐదు రోజులు ఏడ్చారు. అదీ మామూలు తడి కాదు, పిండితే కారేటట్టుంది. పైగా ఆ మడత తీరే వేరు. అందరూ కుడినుంచి ఎడమకు మడిస్తే ఇది ఎడమనుంచి కుడికి, కుచ్చులు లోపలికి దోపి ఉంది. ఎవరై ఉంటారా అని చైతాకు అన్నం కూడా సయించలేదు.

"పండిట్‌జీ, ఈసారొచ్చినవాళ్ళలో ఎడంచేతివాటం మనిషెవరు?" అని మేనేజరు నౌటియాల్‌ని అడిగింది.

"ఎవరైతే నీకెందుకు? దుప్పట్లు చూసుకో."

"దుప్పట్లే చూసుకుంటున్నా కదయ్యా!"

ఆరో రోజు చీపురు పుచ్చుకుని వెనక వరండాలో కిటికీ పక్కన చేరింది. తరగతి ముగిసింది. ఒక్కొక్కరే లేచి దుప్పట్లు మడిచి పెట్టారు. లావుపాటి బెంగాలీ పెద్దాయన నచ్చక రెండుసార్లు మడిచాడు. ఇరవైరెండు మందినీ లెక్కపెట్టింది. ఒక్కరిదీ ఎడంచేతివాటం కాదు. వాళ్ళంతా వెళ్ళాక తలుపు దగ్గరికి లాగేసి, మాతాజీ ఒక దుప్పటి పరుచుకుని పడుకుంది. తరగతి తర్వాత అరగంట ఆవిడ ధ్యానంలో ఉంటుందని అందరికీ తెలుసు, ఆ తలుపు ఎవరూ తియ్యరు. కాసేపటికి ఆవిడ భుజాలు ఎగిరెగిరి పడటం చైతాకు కనిపించింది. ఆ తర్వాత లేచి కూర్చుని, మొహం తుడుచుకుని, దుప్పటిని ఎడంచేత్తో మడిచి, కుచ్చులు లోపలికి దోపి, దొంతరమీద పెట్టింది.

ఐదు రోజులూ ఆ దుప్పటి అన్నిటికన్నా పైనే ఉంది. చివర పెట్టిందే పైన ఉంటుందని ఇరవయ్యొక్క ఏళ్ళ అనుభవానికి తట్టలేదు. చైతాకు తనమీద తనకే ఒళ్ళు మండింది.

తిన్నగా నౌటియాల్ దగ్గరికెళ్ళి నిలదీసింది. అతను లెక్కల పుస్తకం మూసి చెప్పాడు.

"మాతాజీ చెల్లెలు పౌడీలో పోయింది. ఆ కబురొచ్చింది ఆవిడ ఎవరితోనూ మాట్లాడకుండా ఉండే మౌనవారం మొదటి రోజున. మౌనంలో ఉన్నవాళ్ళకి ఏ కబురూ చెప్పొద్దని రూలు పెట్టింది ఆవిడే. మౌనం ముగిసిన ఆరోరోజు సాయంత్రం దాకా ఆ చీటీ బీరువాలో దాచాను."

"చెప్పాక ఏమంది?"

"నియమం తప్పలేదు, మంచిపని చేశావంది."

"మళ్ళీ పలకరించావా?"

"ఆవిణ్ణి నేను పలకరించడమేంటే? ఆవిడ స్థితి వేరు. రోజూ తలుపేసుకుని సమాధిలో ఉంటోంది. మొహంలో ఆ తేజస్సు చూశావా?"

"తేజస్సు కాదయ్యా నా మొహం, ఏడ్చి ఉబ్బిపోయింది! పోయి ఎన్నాళ్ళైంది?"

"ఇవాళ్టికి పన్నెండు."

పదమూడో రోజు కర్మ రేపే. ఆ ఒక్క రోజూ దాటితే ఇక వెళ్ళినా పరామర్శే. పౌడీ జీపు పదకొండింటికి.

"లోపలికెళ్ళావంటే నీ కొలువు ఊడుతుంది" అన్నాడు నౌటియాల్. అయినా చైతా వెళ్ళి, మాతాజీ ఇంకా కూర్చునే ఉన్న హాలు తలుపు తోసింది.

"ఏమైంది దీదీ?" అంది.

మాతాజీ ఉలిక్కిపడింది. ఆశ్రమంలో అందరికీ ఆవిడ మాతాజీయే. అక్కా అని పిలిచే నోరు ఒక్కటే ఉండేది.

"బచులీ పోయింది" అంది. "అమ్మ మంచాన పడ్డప్పుడు నేనిటొచ్చేశాను చైతా. చాకిరీ అంతా అదే చేసింది. పదిహేడేళ్ళు నాతో మాట్లాడలేదు. ఎప్పటికైనా పిలుస్తుందిలే అనుకున్నా."

"రేపు పదమూడో రోజు. బయల్దేరు మరి."

"ఏ మొహం పెట్టుకుని పోను?"

"ఈ ఏడ్చిన మొహమే పెట్టుకెళ్ళు. చావింటికి అదే కదా కావాల్సింది."

"తరగతి?"

"పడుకోవడమేగా వాళ్ళ పని! నేను దుప్పట్లు పరుస్తాలే."

మాతాజీ ఏడుపులోనే నవ్వింది. చాలాసేపు చైతా భుజంవైపు చూసింది. "అయితే ముందు నువ్వు పడుకో. ఐదే ఐదు నిమిషాలు. లేకపోతే నేను కదలను" అంది.

జీపు తప్పిపోతుందన్న భయంతో చైతా గొణుక్కుంటూనే పడుకుంది. మాతాజీ ఒక దుప్పటి మడిచి ఆమె భుజం కింద పెట్టి, మణికట్టు పట్టుకుని, చేతిని వేలెడు వేలెడుగా పక్కకు జరిపింది. నొప్పి పుట్టినచోట ఆగి ఊపిరి తియ్యమంది. ఇలాగే కట్టెలమీద పడుకోబెట్టిన భర్త గుర్తొచ్చాడు. ఆయన పోయి తొమ్మిదేళ్ళు. ఈ చెయ్యి పట్టుకుని ఎక్కడ నొప్పి అని అడిగిన మనిషి ఆ తర్వాత లేడు. చైతా కళ్ళు మూసుకుంది.

తెరిచేసరికి హాల్లో ఎవరూ లేరు. బయట నౌటియాల్ గొంతు వినిపించింది. "అలాగే మాతాజీ, చైతాని ఏమీ అనను మాతాజీ" అంటున్నాడు. కింద రోడ్డుమీద జీపు హారను మోగి, దూరమైంది.

చైతా దొంతరను మేడమీదికి మోసింది. చివరికి తను పడుకున్న దుప్పటి విప్పింది. జానెడు ఎడంగా రెండు తడి మరకలు. అలవాటు కొద్దీ ఇదెవరిదా అనుకుంది. తనదేనని తెలిసి, చెవులు తడిమి చూసుకుని, అక్కడే కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. గోడమీది కొండముచ్చు కూడా దుప్పటి జోలికి రాలేదు.

కాసేపటికి లేచింది. దండెం దగ్గరికి వెళ్ళి, మునివేళ్ళమీద లేచి ఎడంచేత్తోనే రెండువైపులా ముళ్ళు విప్పింది. ఛాతీ ఎత్తున మళ్ళీ గట్టిగా కట్టి, ముందు తన దుప్పటిని ఎండేసింది.