సూది ఆగే చోటు

పొద్దున్నే ప్రెస్సు తలుపు తీశాక మేస్త్రి కరెంటు స్విచ్చి జోలికి పోయేవాడు కాదు. ముందు చేతులు కడుక్కునేవాడు. సూదుల బండిని చేత్తోనే ఆ చివరి నుంచి ఈ చివరికి మెల్లగా జరిపి, ఎక్కడైనా పట్టేస్తోందేమో చూసుకునేవాడు. ఆ తర్వాత యంత్రం మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని, "స్వామీ, ఇవాళ మా వల్ల ఏ వేలికీ అబద్ధం తగలనీయకు" అనుకునేవాడు.

అది చూపులేని పిల్లలకు బ్రెయిలీ పుస్తకాలు వేసే ప్రెస్సు. అక్షరమంటే అక్కడ సిరా కాదు, దళసరి కాగితం మీద పొడుచుకొచ్చిన చుక్కలు. సూదుల బండి ఒక్కో విడతకి బియ్యపుగింజంత దూరం కూడా జరగదు. జరిగి ఆగుతుంది, సూది పొడుస్తుంది, మళ్ళీ జరుగుతుంది. రోజంతా అదే పని. బట్టల మిల్లు మూతపడ్డాక వచ్చి చేరిన మేస్త్రి ఆ యంత్రాన్ని ఇంట్లో మనిషిలాగే చూసుకున్నాడు. వాళ్ళావిడ ఫ్లాస్కులో టీ పోసి, దానితోపాటు రెండు గ్లాసులు పెట్టి పంపేది. రెండోది టీచరమ్మకి. అచ్చయిన పేజీలను వేళ్ళతో చదివి తప్పులు పట్టేది ఆవిడే. ఆవిడకూ చూపు లేదు.

బడులు తెరిచేలోగా లెక్కల పుస్తకాలు అందాలని ఆ ఏడు యంత్రం వేగం పెంచారు. పెంచిన మర్నాడే టీచరమ్మ ఒక పేజీ పక్కన పెట్టింది.

"మేస్త్రిగారూ, ఈ వరుస సగం దాకా బానే నడిచింది. తర్వాత ఎవరో తోసినట్టు అన్నీ పక్కకి జరిగాయి. ఏ చుక్క ఏ అంకెదో తెలియట్లేదు."

మేస్త్రి పేజీని కిటికీ వెలుగుకి ఎత్తి చూశాడు. "నా కళ్ళకి ముత్యాల్లా ఉన్నాయి కదమ్మా."

"ముత్యాలే. మెళ్ళో వేసుకోడానికైతే పనికొస్తాయి." ఆవిడ నవ్వి, ఆ వరుస మీద మళ్ళీ వేలు పెట్టి అంది. "పిల్లలు పుస్తకాన్ని అనుమానించరండీ. లెక్క తేలకపోతే తమకే రాదనుకుంటారు."

ఆ మాట మేస్త్రికి అన్నం దగ్గర కూడా గుర్తొచ్చింది. వేగం తగ్గిస్తే పుస్తకాలు అందవు, తగ్గించకపోతే ఇదీ సంగతి. మోటార్ల కొట్టు నడుపుతున్న మేనల్లుణ్ణి పిలిపించాడు.

"సర్వో మోటారు పెట్టేద్దాం మామయ్యా" అన్నాడు అల్లుడు. "ఇప్పుడున్నది స్టెప్పర్. ఇన్ని అడుగులెయ్యమంటే వేశాననుకుంటుంది. మధ్యలో కాలు జారినా వెనక్కి తిరిగి చూసుకోదు."

"అచ్చం మీ నాన్నే."

"ఆ మాట అమ్మ ముందు అనండి చూద్దాం. సర్వోకి వెనకాల కన్నుంటుంది. ఎక్కడున్నదీ చూసుకుంటూ, తప్పితే సర్దుకుంటుంది."

రెండు మోటార్లనీ బల్ల మీద పెట్టి కరెంటిచ్చారు. మేస్త్రి ఇరుసుల్ని వేళ్ళతో తిప్పబోయాడు. స్టెప్పర్ మొండికేసి కదల్లేదు. ఇంకాస్త బలం పెడితే టక్కున పక్క గాడిలోకి దూకి, అదే తన చోటన్నట్టు కూర్చుంది. సర్వో మాత్రం ఎంత తిప్పినా స్ప్రింగులా వెనక్కి తోసుకొచ్చింది. టీచరమ్మ కూడా వచ్చి రెండింటినీ పట్టుకు చూసింది. "ఒకదానికి పట్టుదల, ఒకదానికి గుర్తు" అంది. ముగ్గురికీ మధ్యాహ్నం టీ సంగతే గుర్తులేదు.

సర్వోని బండికి బిగించి ఒక పేజీ వేశారు. టీచరమ్మ తడిమి చూసింది. "ఏదీ చోటు తప్పలేదు. కానీ చుక్కల అంచులు సాగాయి. చలికి వణుకుతున్నట్టున్నాయి."

అల్లుడు బండి పక్కన చెవి పెట్టాడు. ఆ పిసరంత దూరం మోటారు చిటికెలో చేరుతోంది. చేరాక కుదురుకోడానికి మాత్రం ఇంకాస్త వ్యవధి కావాలి. సూది అంతవరకు ఆగదు. ఆపితే మళ్ళీ పాత వేగమే. మోటారు పట్టు బిగించి చూస్తే గుయ్యిమంది, వదులు చేస్తే ఊగింది.

"మోటారుదేం లేదు మామయ్యా, బండి బరువు. ఇంత బరువుని ఇంత జోరుగా కదిపి ఆపాలంటే ఒకటి జారుతుంది, ఇంకోటి ఊగుతుంది. అసలు దీని నెత్తిన ఈ ఇనపరేకు ఎవరు పెట్టారు?"

మేస్త్రి స్క్రూడ్రైవరు అటూ ఇటూ తిప్పాడు. "నేనే పెట్టాన్రా. సూదుల చప్పుడు తగ్గుతుందని. టీచరమ్మ కొత్తగా వచ్చినప్పుడు తలనొప్పితో సతమతమయ్యేది."

టీచరమ్మకి ఆ సంగతి తెలియదు. ఆ చప్పుడు తనకే అలవాటైపోయిందనుకుంది ఇన్నాళ్ళూ. చేతిలోని పేజీని మెల్లగా మడిచింది.

"తీసెయ్యండి మేస్త్రిగారూ. చెవుల్లో దూది పెట్టుకుంటాను."

"దూదెందుకమ్మా. బండి మీద కూర్చుని తిరిగితేనే బరువు. పైన చట్రానికి బిగిస్తే దాని మానాన అది ఉంటుంది."

రేకు పైకి వెళ్ళింది, బండి తేలికైంది. మళ్ళీ స్టెప్పర్‌నే బిగించారు. ఈసారి అది ఎక్కడా జారలేదు, ఆగిన ప్రతి చోటా మేకు దిగ్గొట్టినట్టు ఆగింది. అయినా అల్లుడు దాని తోకకి అడుగులు లెక్కపెట్టే ఒక చిన్న గుర్తుబిళ్ళ తగిలించాడు. ఎప్పుడైనా జారితే యంత్రం తనంతట తానే ఆగిపోతుందట. సర్వోని కాగితపు చుట్టని లాగే పనికి పెట్టారు. అక్కడ లాగాల్సిన దూరం ఎక్కువ, చుట్ట బరువు తరుగుతూ పోతుంది, సర్దుకోవడం తెలిసినదే ఉండాలి.

లెక్కల పేజీ బయటికొచ్చింది. మేస్త్రి అలవాటుగా కిటికీ వైపు ఎత్తి, బాగుందనబోయి, నోరు మూసుకుని టీచరమ్మకిచ్చాడు. ఆవిడ వేలు చివరి వరుస చివరిదాకా ఎక్కడా ఆగకుండా వెళ్ళింది.

"పిల్లలకిచ్చెయ్యండి" అంది.

మేస్త్రి ఫ్లాస్కు తీసి రెండు గ్లాసుల్లో టీ పోశాడు. తన గ్లాసు ముట్టుకోలేదు.

"టీచరమ్మా, నాకో సాయం చేసిపెట్టాలి. ఇన్నేళ్ళుగా పేజీలు చూస్తున్నానే గానీ ఒక్కటీ చదివిన పాపాన పోలేదు. రోజూ మీరు టీ తాగేంతసేపు నాకు చుక్కలు నేర్పండి. కళ్ళు మూసుకునే చదువుతాను."