కమలా తొక్కలు పడ్డ ట్యాంకు

మా తాతకు ఈ లోకంలో రెండంటే ప్రాణం. ఒకటి షెడ్డులోని మూడో నంబరు ట్యాంకు, రెండోది నిద్ర. ఆ లెక్కలో మనవరాలు లేదు.

మార్కెట్లో మిగిలిన కుళ్ళు అరటిపళ్ళు, మెత్తబడ్డ బంగాళాదుంపలు, చితికిన ద్రాక్ష రోజూ లారీలో మా షెడ్డుకు వస్తాయి. తాత మూటలు విప్పి, ఏరి, గుంటలో పోస్తాడు. గ్రైండర్ దగ్గర నేనుంటాను. గుజ్జును ట్యాంకులో నింపి, ఈస్ట్ కలిపి, మూడు రోజులు పులియబెడతారు. పులిసిన రసాన్ని మరిగించి, ఆ ఆవిరిని చల్లారిస్తే బండ్లలో పోసే ఇంధనం తయారవుతుంది. ఎనిమిదో తరగతిలోనే బడికి దండం పెట్టిన నాకు తెలిసింది ఇంతే. తాతకు ఇంకో ముక్క తెలుసు. కమలా తొక్కలు ఎక్కువ పడితే వాటి నూనెకు ఈస్ట్ చచ్చిపోతుంది. అందుకే ఇరవై రెండేళ్ళుగా ప్రతి మూటా వంగి విప్పుతున్నాడు. ఆ నడుం ఇప్పుడు ఇంటికొచ్చినా లేవదు. "చెప్పులు విప్పుకోవడానికి సదుపాయంగా ఉందిలే తాతా" అంటే, "నోరు ముయ్యవే కోతీ" అంటాడు.

పోయిన సోమవారం నలభై మూటలొచ్చాయి. ముప్ఫై విప్పాక తాత గోడకు ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి లేచి, మిగతా పది మూటల మూతులు కోసి, చూడకుండానే గుంటలో బోర్లించాడు. గ్రైండర్ తిరగ్గానే వాసన గుప్పుమంది.

"తాతా, కమలాల వాసనొస్తోంది."

"నీ మొహం. ఈ కంపులో నీకు కమలాలు కూడానా? తిప్పు."

తిప్పాను. పెద్దవాళ్ళ మాట వినే జబ్బు నాకు ఏడాదికోసారి వస్తుంది. అది ఆ రోజే వచ్చింది.

మర్నాడు పొద్దున ట్యాంకు గొట్టం చివరనున్న నీళ్ళ బకెట్లో ఒక్క బుడగ లేదు. మామూలుగా అయితే కుతకుతలాడుతుండాలి. తాత ట్యాంకుకు చెవి ఆనించి చాలాసేపు అలాగే ఉండిపోయాడు. విన్నాడో, కునుకు తీశాడో చెప్పలేను.

ఇంతలో సూపర్‌వైజర్ వచ్చాడు. చాటుగా అందరం ఆయన్ని ఉరుము అంటాం. వస్తూనే ఈస్ట్ కలిపే కొత్త పిల్ల మీద విరుచుకుపడ్డాడు. ఆ పిల్ల చేరి పదిహేను రోజులైనా కాలేదు.

"బాగా వేడి నీళ్ళలో కలిపావు కదూ? ట్యాంకుకు ట్యాంకే నాశనం! రేపట్నుంచి రానక్కర్లేదు."

"గోరువెచ్చగానే ఉన్నాయి సార్, చెయ్యి పెట్టి చూశాను." ఆ పిల్ల ఏడుపు మొదలుపెట్టింది.

నేను తాత వైపు చూశాను. తాత తన చేతులు చూసుకుంటున్నాడు. ఒప్పుకుంటే ట్యాంకును ఇంకొకరి చేతిలో పెడతారు. ఒప్పుకోకపోతే ఆ పిల్ల పని పోతుంది. నా నాలుక ఒకటే దురద. కొరుక్కుని ఆపుకున్నాను.

"ఆ పిల్లనేమీ అనకండి బాబూ" అన్నాడు తాత. " పది మూటలు విప్పకుండా పోశాను. కమలా తొక్కలున్నాయి. మా మనవరాలు చెప్పింది కూడా, నేనే వినలేదు."

"నువ్వా? విప్పకుండా పోశావా?" ఉరుము ఉరమడం మర్చిపోయాడు.

"అలిసిపోయాను బాబూ."

ఆ మాట తాత నోట నేను అదే మొదటిసారి వినడం.

ఉరుము బకెట్లోకి తొంగిచూశాడు. "రేపట్నుంచి గేటు దగ్గరుండు. ట్యాంకు వేరేవాళ్ళు చూసుకుంటారు."

"అక్కడ కుర్చీ ఉందా?"

"ఉంది."

"చేతులున్న కుర్చీయేనా?"

"ఆ, చేతులున్నదే."

"అయితే అలిసిపోయానన్న మాట ఐదేళ్ళ కిందటే చెప్పాల్సింది నేను" అన్నాడు తాత.

కొత్త పిల్ల ఏడుపులోనే నవ్వేసింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. వెళ్ళబోయే ముందు తాత ట్యాంకు రేకును రెండుసార్లు తట్టాడు, పడుకున్న పశువును తట్టినట్టు.

ఇప్పుడు లారీ వచ్చినప్పుడల్లా కుర్చీలోంచి కళ్ళు తెరిచి, "కమలాలున్నాయా?" అని అడుగుతాడు. డ్రైవరు జవాబు చెప్పేలోపే మళ్ళీ నిద్రపోతాడు. మూటలు నేను విప్పుతున్నాను, నలభైకి నలభై. నా నడుం ఇంకా నిటారుగానే ఉంది, ప్రస్తుతానికి.